టీకి ముందు ఒక గుండీ

మా మేడమెట్ల కింద గదిలో కుట్టుమిషను పెట్టుకున్న టైలరుని ఊళ్ళో అందరూ రేపు మాస్టారు అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉండే ఉంటుంది. కానీ ఆ పేరుతో పిలిస్తే, ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆయనే పక్కకి తిరిగి చూస్తాడు.

చొక్కా ఎప్పుడిస్తావయ్యా అంటే రేపు. పంట్లాం ఏమైందయ్యా అంటే రేపు. ఒకాయన తన పెళ్ళికి కోటు కుట్టమని గుడ్డ ఇచ్చాడు. అది చేతికొచ్చేసరికి ఆయన పొట్ట అందులో పట్టలేదు. ఈలోగా కొడుకు పొడుగెదిగి, ఆ కోటే తొడుక్కుని తన పెళ్ళి చేసుకున్నాడు. నేనా పెళ్ళికి వెళ్ళాను, కోటు చక్కగా కుదిరింది. టైలర్లు బట్టకి లోపల కాస్త మడత వదులుతారు కదా, తర్వాత వదులు చేసుకోవడానికి. నేను కథలకి వదులుతాను.

అలాగని మాస్టారు బద్ధకస్తుడు కాదు. వీధి ఊడ్చేవాళ్ళకంటే ముందే షట్టరు ఎత్తేవాడు. కొత్త గుడ్డ మడత విప్పితే ఒక వాసన వస్తుంది చూడండి, ఆ వాసన అంటే ఆయనకి ప్రాణం. సుద్దముక్కతో గీత గీశాడంటే చెరపాల్సిన పనుండదు. కత్తెర గుడ్డలో పడవలా సాగిపోయేది. పక్కలు కలిపేవాడు, చేతులు తగిలించేవాడు, కాలరు నిలబెట్టేవాడు. అక్కడికి ఆయన ఉత్సాహం అయిపోయేది. ఇక మిగిలేవి కాజాలు, గుండీలు, అంచు మడతలు. అవి సూది పట్టుకుని ఒకచోట కూర్చుని చేయాల్సిన పనులు. సరిగ్గా అప్పుడే ఎవరో మరో కొత్త గుడ్డ తెచ్చేవారు. పాత చొక్కా హ్యాంగరెక్కి, గోడ పక్కన ఈ చివరినుంచి ఆ చివరికి బిగించిన ఇనప రాడ్ మీద వేలాడేది. గుండీల్లేని చొక్కాలన్నీ నోళ్ళు తెరుచుకుని, మా సంగతేంటి అని అడుగుతున్నట్టు ఉండేవి.

మా కాన్వెంటులో ఒక సిస్టరు ఉండేవారు. చొక్కాకి గుండీ లేకపోతే ప్రార్థన వరుసలోంచి చెవి పట్టుకుని పక్కకి లాగేవారు. అందుకే ఆ రాడ్ వైపు చూసినప్పుడల్లా నా చెవి దానంతటదే వేడెక్కేది.

ఊరు మాత్రం సర్దుకుపోయింది. పక్క కొట్టు మంగలి కొత్తగా వచ్చినవాళ్ళకి గడ్డం గీస్తూ పాఠం చెప్పేవాడు.

"మాస్టారు ఏ రోజని చెబితే దానికి ఒక వారం కలుపుకోండి సార్. వానాకాలమైతే ఇంకో వారం. ఆ లెక్కన వెళ్తే ఎవరికీ బాధుండదు."

ఆ లెక్క ఊరంతటికీ కంఠతా వచ్చేసింది. సర్దుకోలేనిది ఒక్కతే, ఆయన కూతురు.

ఆ పిల్ల ఊయల్లో కంటే గుడ్డముక్కల బుట్టలో ఎక్కువ నిద్రపోయింది. ఎదిగాక తండ్రిని మించిన చేయి అయింది. పట్నంలో బట్టల తయారీ నేర్పే సంస్థలో సీటు కోసం ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. వేసుకెళ్ళడానికి తండ్రి తన చేత్తో కోటు కుట్టాడు. భుజాలు చూస్తే కళ్ళు తిప్పుకోలేం. బయల్దేరే రోజు పొద్దున ఆ పిల్ల దాన్ని చేతిలోకి తీసుకుంటే గుండీలు లేవు.

"చిటికెలో పని తల్లీ, రేపు పొద్దున్నే..." అన్నాడు మాస్టారు, అలవాటైన నోటితో.

"ఇంటర్వ్యూ ఇవాళ నాన్నా."

గుండీల చోట పిన్నీసులు పెట్టుకుని వెళ్ళింది. ముందుకి వంగితే గుచ్చుకుంటాయని కూర్చున్నంతసేపూ కర్రలా కూర్చుందట. ఇంటర్వ్యూ చేసినావిడ కళ్ళజోడు సర్దుకుని, కోటు ఎవరు కుట్టారమ్మా అని అడిగింది. మా నాన్న అంది పిల్ల. మరి గుండీలు ఎవరు కుడతారు అంది ఆవిడ. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. సీటైతే వచ్చింది గాని, ఆ నవ్వు కూడా పిల్లతోపాటు ఇంటికొచ్చింది.

హాస్టలుకి వెళ్ళే రోజు మాస్టారు కొట్టులో మూల మీద కప్పిన దుప్పటి తీసి, రెండో మిషను చూపించాడు. కొత్తది, తళతళలాడుతోంది.

"చదువయ్యాక ఈ కుర్చీ నీదే అమ్మలూ. బోర్డు మీద నా పక్కన నీ పేరు కూడా రాయిస్తా."

"ఎప్పుడు రాయిస్తావు?"

మాస్టారు నోరు తెరిచి, నాలుక కరుచుకున్నాడు. మెట్ల మీద పేపరు చదువుకుంటున్న నాకే జాలేసింది.

"నాన్నా, నాకు నీ మీద కోపం లేదు" అంది పిల్ల. "కానీ రేపు మాస్టారి కూతురు అనిపించుకోవడం నాకిష్టం లేదు. కోర్సు చివర రెడీమేడ్ కంపెనీవాళ్ళు వచ్చి ఉద్యోగాలిస్తారట. నేను తిరిగొచ్చిన రోజు ఆ రాడ్ ఖాళీగా కనిపిస్తే ఈ కుర్చీలో కూర్చుంటా. లేకపోతే కంపెనీకి పోతా."

అంతే. మిషను మీద మళ్ళీ దుప్పటి పడింది.

ఆ మర్నాడు మాస్టారు భీష్మప్రతిజ్ఞ చేశాడు. రాడ్ మీదున్నవన్నీ అయ్యేదాకా కొత్త గుడ్డ ముట్టనన్నాడు. గోడ గడియారం కొన్నాడు. షట్టరు మీదికి ఒక చెక్క ఎక్కించి, తనే కుంచె పట్టుకుని 'చెప్పిన రోజుకే' అని రాయడం మొదలుపెట్టాడు. మొదటిరోజు మధ్యాహ్నం దాకా దించిన తల ఎత్తకుండా గుండీలు కుట్టాడు. రెండోరోజు నడుం పట్టేసింది. మూడోరోజు ఎవరో నెమలికంఠం రంగు గుడ్డ తెచ్చారు. ఇక చెప్పేదేముంది. రాడ్ రాడ్ లాగే ఉంది. బోర్డు మాత్రం 'చెప్పిన రోజు' దగ్గర ఆగిపోయింది.

"ఆరంభశూరత్వం" అన్నాడు మంగలి, కత్తి నూరుకుంటూ. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదు."

ఆ మాట విన్న మాస్టారి భార్య మంగలికేసి ఒక చూపు చూసింది. ఆవిడ చిన్నపిల్లల బడిలో ఆయా. ఆవిడ చూసిందంటే ఏడ్చే పిల్లలే కాదు, హెడ్మాస్టరు కూడా నోరు మూసుకుంటాడని ప్రతీతి.

మర్నాడు పొద్దున మాస్టారికి టీ రాలేదు. కొట్టుకీ ఇంటికీ మధ్య ఒక తెర ఉంది. ఆయన దాన్ని పక్కకి జరిపి తొంగి చూశాడు.

"టీ ఏదే?"

"అయింది. గుండీ ఏదీ?"

"ఏ గుండీ?"

"ఏదో ఒకటి. రాడ్ మీద మీకు నచ్చిన చొక్కాకి. ఒక్కటి కుట్టండి, తాగండి."

"ఒక్క గుండీతో ఏమవుతుందే పిచ్చిదానా? అక్కడ కొండంత పనుంది."

"కొండ సంగతి మిమ్మల్నెవరడిగారు? మా బడిలో గిన్నెడు తినమంటే పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు. ఒక్క ముద్ద తినమంటే తింటారు."

"అంటే నేను పసిపిల్లాడినా?"

"వాళ్ళు నయం. చెప్పిన మాట వింటారు."

"ఇది బెదిరింపు."

"టీ చల్లారుతోంది."

మాస్టారు గొణుక్కుంటూ సూదిలో దారం ఎక్కించాడు. గుండీ బొక్కల్లోంచి దారం పైకీ కిందకీ తిప్పి, గుడ్డకీ గుండీకీ మధ్య మెడలాగా చుట్లు చుట్టి, ముడేసి కొరికాడు. టీ గ్లాసు తెర కిందనుంచి వచ్చింది. ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కొన్ని రోజులు ఆయనకి ఒకటే అనుమానం. ఇవాళ ఒకటంది, రేపు రెండంటుంది, వచ్చే నెలకి చొక్కా మొత్తం అంటుంది అని. ఆవిడ అనలేదు. ఒక్క గుండీ పడగానే గ్లాసు అందించి బడికి వెళ్ళిపోయేది. వెనక్కి తిరిగి కూడా చూసేది కాదు. మాస్టారికి ఆ మాత్రానికి మొండికేయడానికి సందు దొరకలేదు. మొండికేయాలంటే అవతల ఎవరో ఒకరు లాగాలి కదా.

ఒకరోజు సూదిలో దారం ఇంకా మిగిలింది. తెంపడానికి మనసొప్పక, కిందిది కూడా కుట్టేశాడు. కుట్టి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. నేను చూశాను గాని పేపరు అడ్డం పెట్టుకున్నాను.

ఇలా సాగుతుండగా ఒక చొక్కా పూర్తయింది. చివరి గుండీతో సహా, అంచుతో సహా, ఇస్త్రీతో సహా.

"బాబాయిగారూ, ఒకసారి కిందకి రండి" అని పిలిచాడు.

దిగి వెళ్ళాను. బల్ల మీద చొక్కా పడుకోబెట్టి, పురిటిబిడ్డని చూపించినట్టు చూపించాడు.

"కాస్త బరువెక్కినట్టు లేదూ?" అన్నాడు.

"తల్లీబిడ్డా క్షేమమేనా?" అన్నాను.

నవ్వలేదు. చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. మాస్టారికి జ్వరమొచ్చి కొన్నాళ్ళు మంచం దిగలేదు. లేచాక కూడా సూది ముట్టలేదు. షట్టరు ఎత్తి, గోడకి జారబడి కూర్చున్నాడు.

"తెగిపోయిందే" అన్నాడు భార్యతో. "ఒక్కరోజు కూడా మానకూడదనుకున్నాను. మానేశాను. ఇంకేముంది, మళ్ళీ మొదటికొచ్చాం. నా వల్ల కాదు."

"జ్వరంలో స్నానం కూడా మానేశారు" అంది ఆవిడ. "ఇక జన్మలో చేయరా?"

"అది వేరు, ఇది వేరు."

"ఆ తేడా ఏంటో గుండీ కుడుతూ చెప్పండి, వింటాను. ఈలోగా నీళ్ళు మరుగుతాయి."

ఆయన తేడా చెప్పలేకపోయాడు. గుండీ మాత్రం పడింది.

అప్పట్నుంచి ఆయన పరుగు ఆపి నడక మొదలుపెట్టాడనిపించింది నాకు. పొద్దున గుండీలు అలవాటయ్యాక, మధ్యాహ్నం భోజనానికి లేచేముందు ఒక అంచు మడత వేయడం ఆయనే పెట్టుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. కొత్త గుడ్డ వస్తే ఇప్పటికీ వాసన చూస్తాడు, కళ్ళు అరమోడ్పులవుతాయి. కానీ మడత పెట్టి పక్కన ఉంచి, చేతిలో సూది పని అయ్యాకే కత్తెర తీస్తాడు. ఎప్పుడిస్తారు అని అడిగితే రేపు అనడానికి నోరు తెరిచి, ఒకసారి రాడ్ వైపు చూసి, ఆగి, "సోమవారం" అనేవాడు. సోమవారానికి చొక్కా అయిపోయేది. పొద్దు తూర్పున పొడిచినంత మామూలుగా అయిపోయేది.

ఇక్కడే అసలు చిక్కొచ్చింది.

సోమవారం చొక్కా తయారు. మనిషి లేడు. మంగళవారం పంట్లాం తయారు. మనిషి లేడు. ఊరంతా మంగలి చెప్పిన లెక్కలోనే ఉంది. మాస్టారు మారాడుగాని ఊరికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? వానలు కూడా మొదలయ్యాయి, దాంతో ఇంకో వారం కలుపుకున్నారు. తయారైనవి తయారైనట్టే రాడ్ ఎక్కాయి. ఇదివరకు ఎన్నడూ లేనంతగా నిండిపోయి, ఆ ఇనప రాడ్ మధ్యలో వంగింది. కూతురి కోర్సు అయిపోవచ్చింది. కంపెనీవాళ్ళు ఎంపిక కూడా చేసుకున్నారట. ఉద్యోగానికి వస్తానో రానో ఇంటికెళ్ళి చూసి చెబుతానని ఆ పిల్ల గడువడిగింది.

"ఫోన్ చేసి అంతా చెప్పేయ్" అన్నాను మాస్టారితో.

"ఏమని? అయిపోయాయి తల్లీ, నమ్ము అనా? పుట్టిన దగ్గర్నుంచీ అదే చెబుతున్నాను బాబాయిగారూ."

ఆయన భార్యనడిగితే ఆవిడా అదే మాట. "నేను చెబితే మిమ్మల్ని వెనకేసుకొస్తున్నానంటుంది. దాని కళ్ళతోనే చూడాలి."

ఇక లాభం లేదని ఒక పొద్దున మాస్టారు తన చేతిమీద చొక్కాలు, నా చేతిమీద పంట్లాలు వేసి బయల్దేరదీశాడు. ముందు మందుల షాపుకి వెళ్ళాం. షాపాయన చొక్కా వైపు, మాస్టారి మొహం వైపు మార్చి మార్చి చూశాడు.

"అప్పుడేనా? ఒంట్లో బాగానే ఉందా మాస్టారూ? మొన్న జ్వరమన్నారు, తలకేమైనా ఎక్కిందా?"

బ్యాంకు గుమాస్తా ప్రతి గుండీనీ పట్టుకుని లాగి చూశాడు. "ఊరు విడిచి వెళ్ళిపోతున్నారా? అందరివీ సర్దేస్తున్నారా?" అని మెల్లగా అడిగాడు. ఇంకొకాయన ఉన్న చోటునుంచి లేవనే లేదు. "నేను వచ్చే వారం వస్తానండీ. ఇప్పుడే తీసేసుకుంటే అప్పుడు నేను రావడానికి పనేముంటుంది?"

ఎవరికీ నచ్చజెప్పలేక సగం బరువు తిరిగి మోసుకొచ్చాం. చూస్తే కొట్టు గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. భుజాన సంచి. రావాల్సిన రోజు కంటే ముందే వచ్చేసింది. ఆ కుటుంబంలో అది వింతే.

పిల్ల మమ్మల్ని చూడలేదు. రాడ్ చూస్తోంది. వంగిపోయిన ఆ ఇనప రాడ్ చూస్తోంది.

"అమ్మలూ..." అన్నాడు మాస్టారు. చేతిమీది చొక్కాలు కూడా దించలేదు. "అవన్నీ తల్లీ..."

"రేపటికి అయిపోతాయి. తెలుసు నాన్నా."

కోపంగా అనుంటే బాగుండేది. చాలా మెత్తగా అంది. మాస్టారు చేతిమీది చొక్కాలు బల్ల మీద దించాడు. నేను కల్పించుకుందామనుకున్నాను. కానీ నా మాట ఆ వీధిలో ఎవరు నమ్ముతారు? పిల్ల సంచి సర్దుకుని తెర వైపు ఒక అడుగు వేసింది.

అప్పుడు ఆయాసపడుతూ ఆడపిల్లల హైస్కూలు హెడ్మిస్ట్రెస్ లోపలికొచ్చింది. గొడుగు మూస్తూనే మొదలుపెట్టింది.

"మాస్టారూ, మావారి చొక్కా పోయిన సోమవారం అన్నారు కదా, అందుకే ఓ వారం ఆగి వచ్చాను. వానలు కదా, ఇంకో వారం ఆగమంటారా? తొందరేం లేదు, ఊరికే దారిలో పడి వచ్చాను."

"పోయిన సోమవారమే అయిందండీ" అన్నాడు మాస్టారు. రాడ్ మీద వెతికి తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని తిరగేసి మరగేసి చూసింది.

"అయితే వారం నుంచీ ఇక్కడే ఉందా? అయ్యో, మీరు చెప్పొద్దూ?"

"చెప్పానండీ. సోమవారమని."

తెర దగ్గర అడుగు ఆగిపోయింది. పిల్ల సంచి కింద పెట్టింది. వెనక్కొచ్చి, రాడ్ చివర ఉన్న చొక్కా అందుకుంది. గుండీ పట్టుకుని లాగింది. రాలేదు. కింద మెడ చుట్టు వేలితో తడిమింది. రెండోది చూసింది. మూడోది లోపలికి తిప్పి అంచు చూసింది. ఇక ఒక్కటీ వదల్లేదు. హ్యాంగర్లు చప్పుడు చేస్తుంటే ఆ చివరినుంచి ఈ చివరిదాకా వచ్చింది. దొంగని పట్టుకోవడానికొచ్చి చుట్టాన్ని చూసినట్టుంది ఆ మొహం.

"గుండీలు ఎవరు కుట్టారు?" అని అడిగింది.

"నేనే."

"అమ్మ కాదూ?"

"మీ అమ్మ ఒక్కటంటే ఒక్కటి ముట్టలేదు. టీ మాత్రం పెట్టింది."

పిల్లకి ముందు నవ్వొచ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. అలికిడికి మంగలి నురగ బ్రష్షుతో సహా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వెనక సగం గడ్డంతో ఆయన కస్టమరు.

"షరతు షరతే నాన్నా. రాడ్ ఖాళీగా లేదు" అంది.

మాస్టారి భుజాలు జారిపోయాయి. "అయితే కంపెనీకే పోతావా?"

"రేపు చెప్తా."

మాస్టారు బిత్తరపోయాడు. ముందు నవ్వింది మంగలే. ఆ నవ్వుకి నురగ ఎగిరి హెడ్మిస్ట్రెస్ గొడుగు మీద పడింది. ఆవిడ అదేం పట్టించుకోకుండా చొక్కా తీసుకుని స్కూలుకెళ్ళి, టీచర్లందరికీ చెప్పింది. సాయంత్రానికి రాడ్ మధ్య ఒంపు కాస్త తగ్గింది.

మర్నాడు పొద్దున నేను పేపరుతో మెట్లు దిగేసరికి షట్టరు సగం ఎత్తి ఉంది. రెండో మిషను మీద దుప్పటి మడత పెట్టి ఉంది. కుర్చీలో పిల్ల. మాస్టారు పక్కన కూర్చుని గుండీ కుడుతున్నాడు. కంపెనీకి రానని ఫోన్ చేసేసిందట. తెర పక్కనుంచి చేయొకటి టీ గ్లాసు అందించింది, ఒక్కటే.

"నాకేది అమ్మా?" అంది పిల్ల.

"ఆయన గుండీ అయింది. నీదేదీ?"

"నేను వచ్చింది నిన్ననే. నాకు పెండింగ్ ఏముంటుంది?"

తల్లి తెర జరిపి గుమ్మం బయటికొచ్చింది. షట్టరు పైకి చూసింది. 'చెప్పిన రోజు' దగ్గర ఆగిపోయిన చెక్క అక్కడ వానకి తడుస్తోంది. పిల్ల కూడా బయటికొచ్చి దాన్ని చూసి, లోపలికెళ్ళి ఎండిపోయిన కుంచె నానబెట్టింది. స్టూలెక్కి ఒక్క అక్షరం వేసి దిగింది. కే. టీ వచ్చింది.

అప్పట్నుంచి రోజుకొక అక్షరం, టీకి ముందు. మొదటి వరుస ఆ 'కే'తోనే అయిపోయింది కనక, కింద రెండో వరుస మొదలైంది. 'రే' పడిన రోజు మంగలి ముక్కున వేలేసుకున్నాడు. 'పు' కూడా పడ్డాక, 'చెప్పిన రోజుకే' కింద 'రేపు' అని చూసి వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ రోజంతా మాస్టారు కొట్టు లోపలే తల దాచుకున్నాడు.

"వద్దన్న పేరే రాస్తున్నావేమమ్మా?" అనడిగాను స్టూలు పట్టుకుని.

"వేరే పేరు రాస్తే కొట్టు ఎవరికి దొరుకుతుంది తాతగారూ?" అంది. "కాస్త కదలకుండా పట్టుకోండి, ఒత్తు పాడవుతుంది."

తర్వాత 'మా' పడింది, 'స్టా' పడింది, 'రు' పడింది. ఒకరోజు ఖాళీ వదిలింది. ఒంట్లో బాగాలేదట. మర్నాడు 'కూ' వేసింది. ఇవాళ పొద్దున 'తు' వేసి, కుంచె కడిగి, టీ తాగింది.

ఇంకొక్క అక్షరం మిగిలింది. అది రేపు.